ఎన్నికల వ్యాజ్యములలో కాలహరణము

2018 డిసెంబరులో జరిగిన గద్వాల శాసనసభ ఎన్నిక చెల్లదని 2023 ఆగస్టు 24వ తేదీన తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పెను. శ్రీ బండ్ల కృష్ణమోహనరెడ్డిగారు నామినేషనుతో దాఖలు చేసిన ప్రమాణపత్రమున తమ ఆస్తుల వివరములను సంపూర్ణముగా వెల్లడింపలేదని నిర్ణయించి, శ్రీమతి డి. కె. అరుణగారే ఎన్నికైనట్లు ప్రకటించెను. సెప్టెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసెను. నవంబరు 30న మరల పోలింగు జరిగెను. తుదితీర్పు రాకముందే ఆ శాసనసభ ఆయువు తీరిపోయెను.

హైకోర్టు తీర్పు సరియో కాదో మేము చెప్పబోము. అది చెప్పవలసినది పై కోర్టు. చెప్పవలసిన కాలమున చెప్పలేదనుటయే మా ఫిర్యాదు.

గద్వాల గొడవ మనకేల యని బల్మూరులోని మా పాఠకులు కొందరు అనవచ్చును. బల్మూరు అచ్చంపేట నియోజకవర్గములోనిది. గద్వాల కృష్ణకు ఆవలనున్న నడిగడ్డ. అయినను లోక్‌సభకు మాత్రము రెండు తావుల ప్రజలును నాగర్‌కర్నూలు స్థానమునకే ఓటు వేయుచున్నారు. అక్కడి ఓటునకు దిక్కులేనప్పుడు ఇక్కడి ఓటు భద్రముగా నున్నదని నమ్ముట యెట్లు?

చట్టము ఏమనుచున్నది? 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము ఓడినవాడు 45 దినములలో పిటిషను వేయవలెను. ఒక్క దినము మీరినను త్రోసివేయుదురు. తీర్పుపై అప్పీలునకు 30 దినములు. పౌరునికి ఇంత కట్టుదిట్టముగా గడువు పెట్టిన చట్టము న్యాయస్థానముల యెడ మాత్రము మెత్తబడినది. హైకోర్టు విచారణను 6 మాసములలోను, సుప్రీంకోర్టు అప్పీలును 3 మాసములలోను ముగించుటకు "ప్రయత్నింపవలె"నట! ఆ ఒక్క మాట సందున చట్టమంతయు జారిపోవుచున్నది. జాప్యము తగ్గవలెననియే 1966లో ట్రిబ్యునళ్లను తొలగించి ఈ వ్యాజ్యములను తిన్నగా హైకోర్టులకు అప్పగించిరి. గద్వాల విషయమున 6 మాసములు నాలుగేండ్ల ఎనిమిది మాసములైనవి.

ఇది గద్వాల ఒక్కదాని దురదృష్టము కాదు. కొత్తగూడెములో శ్రీ వనమా వెంకటేశ్వరరావుగారి 2018 నాటి ఎన్నికను 2023 జూలై 25న హైకోర్టు రద్దు చేయగా, ఆగస్టు 7న స్టే వచ్చెను. మడకశిరలో 2014 ఎన్నికపై తీర్పు 2018 చివర వచ్చినది. అక్కడ స్టే రాలేదు. కొత్త సభ్యుడు ప్రమాణము చేసెను. 2019 ఏప్రిలులో మరల ఎన్నికలు! ఐదేండ్ల పదవిలో ఆయనకు దక్కినవి కొద్ది నెలలు.

త్వరగా తేల్చుట అసాధ్యమందురా? 1967లో తాండూరునుండి గెలిచిన డాక్టరు మర్రి చెన్నారెడ్డిగారిపై శ్రీ వందేమాతరం రామచంద్రరావుగారు వ్యాజ్యము వేసిరి. హైకోర్టు తీర్పును, సుప్రీంకోర్టు అప్పీలును రెండును 1968లోనే ముగిసినవి. ప్రతివాది కేంద్రమంత్రి! అలహాబాదు హైకోర్టు 1975 జూన్ 12న శ్రీమతి ఇందిరాగాంధీ ఎన్నికను రద్దు చేయగా, నవంబరు 7న అప్పీలు తేలెను. ఆ తీర్పు వెనుక అత్యవసర పరిస్థితియు, చట్ట సవరణలును ఉన్నవి గనుక దానిని మేము ఆదర్శమనము. కాని తలచుకొన్న వేగము కుదురుననుటకు అది సాక్ష్యము. ఇంగ్లండులో 2010 మే నెలలో గెలిచిన ఫిల్ వూలస్ ఎన్నికను నవంబరు 5న ఎన్నికల న్యాయస్థానము రద్దు చేసెను. డిసెంబరు 3న హైకోర్టు ఆయన మొరను త్రోసివేసెను. 2011 జనవరి 13న ఉపఎన్నికయు ముగిసెను.

వేలకొలది వ్యాజ్యములు వేచియుండగా రాజకీయ నాయకుల తగవునకు అగ్రస్థానమా యని కొందరి ఆక్షేపణ. చెరసాలలో నున్న వాని అప్పీలు ముందు వినవలసినదే. దానికి మేమడ్డము రాము. కాని తక్కిన సివిలు వ్యాజ్యముల మాట వేరు. పదేండ్లకు గెలిచినను వానికి భూమి దక్కును. ఐదేండ్లు గడచిన పిమ్మట శాసనసభ్యత్వము ఎవరికి దక్కును? అదియును గాక ఈ తగవు ఇద్దరు నాయకులది కాదు, నియోజకవర్గ ప్రజలందరిది. గెలిచినవాడు నిర్దోషియైనచో వానికిని ఈ జాప్యము అన్యాయమే. పదవీకాలమంతయు దొంగ సభ్యుడను నిందను మోయవలసివచ్చును.

కావున "ప్రయత్నము" అను మాటను కొట్టివేసి "విధి" యని వ్రాయవలెను. హైకోర్టున ఎన్నికల పిటిషను వినుచున్న న్యాయమూర్తిని అది ముగియువరకు ఇతర వ్యాజ్యములనుండి విడిపింపవలెను. సుప్రీంకోర్టు స్టే ఇచ్చిన దినముననే అప్పీలు విచారణకు తేదీ నిర్ణయింపవలెను. 3 మాసములలో తేలని యెడల, కారణములు వ్రాసి పొడిగించిననే తప్ప, స్టే దానంతటదే తొలగవలెను.

ఈ సవరణ చేయవలసినవారు పార్లమెంటు సభ్యులు. జాప్యమువలన లాభపడువారును వారి పక్షములవారే. నేడు వాదియైనవాడు రేపు ప్రతివాది యగును గనుక ఏ పక్షమునకును తొందర లేదు. తెలంగాణమునుండి లోక్‌సభకు వెళ్లిన 17గురిలో ఎవరైనను దీనిని ప్రైవేటు బిల్లుగా ప్రతిపాదింపవచ్చును. నాగర్‌కర్నూలు సభ్యుని మేము మొదట అడుగుచున్నాము.