కుర్చీ పాలుకా, కౌలుకా?

ఆడపిల్ల బ్యూటీషియన్ కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికి రాగానే పెద్దవాళ్ళు అనే మాట ఒకటే. "ఏదైనా పెద్ద పార్లర్లో కమిషన్ మీద చేరమ్మా, అద్దెల గొడవ నీకెందుకు?" అని. మొదటి ఏడాదికి అది మంచి సలహాయే, నేను కాదనను. చెయ్యి తిరగాలి, నలుగురూ పరిచయం కావాలి. ఐదేళ్ళు గడిచి, పేరు పెట్టి అడిగి మరీ ఆ పిల్ల చేతే చేయించుకునేవాళ్ళు ఏర్పడ్డాక కూడా అదే పాట పాడుతూంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

మన పొలాల భాషలో చెప్పుకుంటే కమిషన్ అంటే పాలుకి చెయ్యడం (తాగే పాలు కాదు లెండి). వచ్చినదాంట్లో వాటా. పార్లర్లో కుర్చీ అద్దెకి తీసుకోవడం కౌలు. పండినా ఎండినా కౌలు కట్టాల్సిందే, మిగిలింది మాత్రం మనది.

చాకలిపద్దు వెనకవైపు వేసుకునే పాటి లెక్క ఇది. కుర్చీ అద్దె నెలకి 8,000 అనుకుందాం. కమిషన్ నూటికి 40, క్రీములూ మైనమూ యజమానురాలివి. కౌలుకైతే ఆ సరుకులు మనమే కొనుక్కోవాలి గనక రాబడిలో ఐదోవంతు వాటికి పోతుంది. పెళ్ళిళ్ళ నెలలో 40,000 పని జరిగితే పాలు పిల్లకి 16,000, కౌలు పిల్లకి 24,000. సరే, ఆషాఢం వచ్చింది, లేదా మూఢం వచ్చింది, పెళ్ళికూతుళ్ళు లేరు. పని 12,000కి పడిపోయింది. పాలు పిల్లకి 4,800 వస్తే, కౌలు పిల్లకి మిగిలేది 1,600!

"చూశావా మరి!" అంటారు పెద్దలు. చూశానండీ. ఏడాదిలో ఐదు నెలలే పెళ్ళిళ్ళనీ, మిగతా ఏడూ ఎండేననీ వేసి మరీ చూశాను. పాలుకి 1,13,600, కౌలుకి 1,31,200. వైశాఖంలో వచ్చింది ఆషాఢానికి దాచుకోవాలి, అంతే. పప్పూ ఉప్పూ నెలాఖరు దాకా సర్దడం మన ఆడవాళ్ళకి ఎవరైనా కొత్తగా నేర్పాలా? పైగా ఎండు నెలల్లో సగం అద్దె చాలునని ముందే కాగితం మీద రాయించుకోవచ్చు. ఆషాఢంలో ఖాళీ కుర్చీని ఆవిడ మాత్రం ఏం చేసుకుంటుంది?

డబ్బు సంగతి అలా ఉంచండి. పాలు పద్ధతిలో వచ్చేవాళ్ళ ఫోన్ నెంబర్లన్నీ కౌంటర్ పుస్తకంలోనే ఉంటాయి. మానేసిన రోజున ఆ పిల్ల వెంట వచ్చేది చేతిసంచీ ఒక్కటే. పోనీ దాంతో పోతుందా? మానేశాక రెండేళ్ళ దాకా ఈ ఊళ్ళో ఈ పని చెయ్యనని చేరేటప్పుడే సంతకం పెట్టించుకునే మహాతల్లులున్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, మానేసిన మనిషిని తన వృత్తి చేసుకోనివ్వని అలాంటి షరతు చెల్లదు. ఆ సంగతి ఎవరూ చెప్పరు, పిల్ల భయపడి ఇంట్లో కూచుంటుంది.

కౌలులోనూ కొందరు గడుసువాళ్ళున్నారు. అద్దె పుచ్చుకుంటారు, మళ్ళీ ఎన్నింటికి రావాలో, కనుబొమ్మలకెంత తీసుకోవాలో కూడా తామే చెబుతారు. ఆ రెండూ తన చేతిలో లేని పిల్ల కౌలుదారు కాదు, ఎదురు డబ్బిచ్చి చేసే జీతగత్తె. అలాంటి కుర్చీ ఒక్క పూట కూడా వద్దు.

ఇక మన సంగతి. చీరకొట్లో బేరమాడితే తప్పులేదు గానీ, త్రెడ్డింగ్ దగ్గర ఎందుకండీ ఆ గీచులాట? మీరు 30 రూపాయలు తగ్గించుకుంటే పాలు పిల్లకి 12 తగ్గుతాయి, కౌలు పిల్లకి ముప్ఫైకి ముప్ఫయ్యీ పోతాయి. అంతగా నోరూరుకోకపోతే కౌంటర్లో కూర్చున్న యజమానురాలితో ఆడండి, నేనూ వస్తాను.