జపాన్ అందం - దాన్ని చేసిన చేతులు

జపాన్ పేరు చెప్పగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి లేత గులాబీరంగు సకురా పూలు, కిమోనో కట్టుకున్న స్త్రీలు, కాగితపు గొడుగులు, చిన్న చిన్న గిన్నెల్లో ముచ్చటగా సర్దిన భోజనం. కేలండర్ల మీదా, పుస్తకాల్లోనూ, ఇప్పుడు సెల్‌ఫోన్లలోనూ అవే బొమ్మలు. అవన్నీ నిజంగా అందమైనవే. ఆ అందాన్ని మేమూ మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాం. అయితే ఆ అందంలో చాలా భాగాన్ని తయారుచేసిన చేతులను ఆ దేశం వందల ఏళ్ళపాటు మైల చేతులుగా చూసింది. సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకుంటున్న తమ్ముళ్ళూ, చదువుకొని వెళ్ళిన అన్నలూ ఆ పూలను చూసేటప్పుడు ఆ చేతులను కూడా చూడాలన్నది మా అభిప్రాయం.

ఋతువుకో పువ్వు

జపాన్‌లో కేలండర్ చూడకపోయినా పూలను చూసి నెల చెప్పవచ్చు. ఫిబ్రవరి చలిలోనే ‘ఉమె’ పూస్తుంది. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో సకురా. విరగబూసిన సకురా వారం పది రోజుల్లో రాలిపోతుంది. ఆ కొద్ది రోజుల కోసం ఏడాదంతా ఎదురుచూసి, చెట్ల కింద పట్టలు పరుచుకొని, ఇంటిల్లిపాదీ కూర్చొని తిని, కబుర్లాడుకొని వస్తారు. దీన్ని ‘హనామి’ అంటారు. అంటే పూలు చూడడం. మే నెలకల్లా పందిళ్ళ నుంచి ఊదారంగు ‘ఫుజి’ గుత్తులు వేలాడతాయి. జూన్ వానల్లో నీలిరంగు ‘అజిసాయ్’, శరదృతువులో చామంతులు, వాటితోపాటు ఎర్రబడిన మేపుల్ ఆకులు.

క్యోటో నగరంలో సకురా ఏ రోజుల్లో పూసిందన్న వివరాలు 9వ శతాబ్దం నుంచి పాత దినచర్యల్లో దొరుకుతాయి. భూమి వేడెక్కుతోందని చెప్పడానికి శాస్త్రవేత్తలు ఆ లెక్కలను కూడా వాడుకుంటున్నారు. 2021లో మార్చి 26కే అక్కడ పూలు నిండుగా విచ్చుకున్నాయి. పన్నెండు వందల ఏళ్ళ లెక్కల్లో అప్పటిదాకా అంత ముందుగా ఎన్నడూ పూయలేదు.

ఒక పువ్వును ఇంత శ్రద్ధగా గమనించిన సమాజం, ఊరి చివర బతికే మనిషిని ఎలా చూసింది? ఇదీ మా ప్రశ్న.

భోజనం - మైల

జపాన్ సంప్రదాయ భోజనాన్ని ‘వాషోకు’ అంటారు. అన్నం, ఒక సూప్, మూడు వంటకాలు. ఏ ఋతువులో దొరికే చేప, కూరగాయ ఆ ఋతువులోనే వండడం, గిన్నెను కూడా కాలానికి తగ్గట్టు ఎంచుకోవడం దీని పద్ధతి. 2013లో యునెస్కో దీన్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ వంటలో చేపలు, సముద్రపు నాచు, సోయా ముఖ్యం. పశుమాంసం చాలా తక్కువ. దానికి ఒక చరిత్ర ఉంది.

675లో తెమ్ము చక్రవర్తి ఏడాదిలో కొన్ని నెలలపాటు పశువులు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసం తినకూడదని ఆజ్ఞ జారీ చేశాడు. బౌద్ధంలోని అహింస, షింటోలోని మైల భావన కలిసి, చావునూ నెత్తురునూ ముట్టుకునే పని అపవిత్రమనే నమ్మకం క్రమంగా బలపడింది. కానీ చచ్చిన ఎద్దును ఎవరో ఒకరు తియ్యాలి కదా! తోలు లేనిదే కవచం లేదు, గుర్రపు జీను లేదు. ఆ పని చేసినవాళ్ళను ‘ఎతా’ అన్నారు. ‘మైల ఎక్కువగా ఉన్నవాళ్ళు’ అని అర్థం వచ్చే అక్షరాలతో ఆ పేరు రాసేవారు. ఎదో కాలానికి, అంటే 17వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా, ఇది ప్రభుత్వమే అమలు చేసిన పుట్టుక కట్టుబాటు అయింది. వాళ్ళ రూపం, భాష, మతం మిగతా జపనీయులవే. తేడా అంతా పుట్టిన పేటలోనే. ఆ పేటను ‘బురాకు’ అంటారు. అందుకే వాళ్ళకు బురాకుమిన్ అని పేరు వచ్చింది.

1872లో మెయిజి చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నాడని అందరికీ తెలియజేశారు. అప్పటి నుంచి మాంసం నాగరికతకు గుర్తు అయింది. ఈనాడు జపాన్ గొడ్డుమాంసం ‘వాగ్యూ’ అంటే ప్రపంచంలోని పెద్ద హోటళ్ళలో ఎంతో ఖరీదు. తిండి మైల పోయింది, మనిషి మైల మాత్రం పోలేదు. ఒసాకా వైపు బురాకు పేటల్లో ఎండబెట్టిన మాంసపు ముక్కలను ‘సాయిబొషి’ అంటారు. ఈ మాట చదవగానే మన ఇళ్ళలో దండెం మీద ఎండిన తునకలు గుర్తు రాకుండా ఉంటాయా?

తోటలోని రాళ్ళు

క్యోటోలోని ర్యోఆన్‌జి ఆలయంలో ఒక తోట ఉంది. అందులో ఒక్క చెట్టూ లేదు. తెల్లని గులకరాళ్ళ మీద 15 రాళ్ళు మాత్రమే ఉంటాయి. వసారాలో ఎక్కడ కూర్చున్నా ఒక్కసారిగా అన్ని రాళ్ళూ కనిపించవు. ప్రపంచం నలుమూలల నుంచి జనం వచ్చి ఆ తోట ముందు మౌనంగా కూర్చుంటారు. ఆ రాళ్ళలో ఒకదాని వెనక, చూడవచ్చినవాళ్ళకు కనపడని చోట, ‘కొతారో’ అన్న పేరు చెక్కి ఉంది. పక్కనే చెదిరిపోయిన ఇంకో పేరు ఉంది. వాళ్ళు ‘కవారమోనో’ అయి ఉంటారని చాలామంది పండితుల ఊహ.

కవారమోనో అంటే నది ఒడ్డు మనుషులు. పన్ను లేని ఏటి ఒడ్డు నేలలో గుడిసెలు వేసుకొని, చచ్చిన పశువుల తోలు తీసి, శుభ్రం చేసి బతికినవాళ్ళు. మట్టి పని, రాళ్ళు మోసే పని కూడా వాళ్ళదే. అలా మొదలుపెట్టి తోటలు కట్టడంలో ఆరితేరారు. 15వ శతాబ్దంలో జెన్ అమి అనే కవారమోనో అషికాగ యోషిమసా అనే షోగన్‌కు తోటలు కట్టాడు. ఆయనకు జబ్బు చేస్తే షోగన్ స్వయంగా మందు పంపించాడని ఆనాటి దినచర్యలు చెబుతున్నాయి. ఆయన మనుమడు మతషిరో కూడా గొప్ప తోటపనివాడే. అతను ఒక బౌద్ధ భిక్షువుతో, పశువులను చంపే ఇంట పుట్టినందుకు తాను బాధపడుతున్నానని, అందుకే ప్రాణం ఉన్నదేదీ చంపననీ చెప్పుకున్నట్టు 1489 నాటి దినచర్యలో ఉంది.

మిత్రులారా, ఒక్కసారి ఆలోచించండి. రాజధానిలోకెల్లా అందమైన తోటలు కట్టిన మనిషి తన పుట్టుకకు తానే సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. మైల అన్న మాట ఎంత లోతుకు దిగుతుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

చప్పట్లు వాయించినవారికి, మరి చేసినవారికి?

జపాన్ పెద్ద డోలు ‘తైకో’ అంటే ఇప్పుడు అన్ని దేశాల్లోనూ మోజు. చెట్టు మొదలును తొలిచి, దాని మీద ఎద్దు తోలు బిగించి చేస్తారు. తోలు శుభ్రం చేసి, ఎండబెట్టి, శ్రుతికి వచ్చేదాకా లాగి బిగించే విద్య తరతరాలుగా బురాకు పేటల్లోనే బతికింది. మూడు తీగల ‘షమిసెన్’ వాద్యానికి బిగించే తోలు, టీ వేడుకకు వెళ్ళేవారు తొడుక్కునే తోలు అట్టల ‘సెత్తా’ చెప్పులు కూడా ఎక్కువగా ఆ చేతుల నుంచే వచ్చాయి. వేదిక మీద డోలు కొట్టినవారికి చప్పట్లు, డోలు చేసినవారికి వెలి. ఒసాకాలోని నానివా ప్రాంతం డోళ్ళ తయారీకి పేరుపొందింది. అక్కడి యువకులు 1980వ దశకంలో ఈ అన్యాయాన్ని గుర్తించి, తామే ఒక తైకో బృందం పెట్టుకున్నారు. దానికి ‘ఇకారి’ అని పేరు పెట్టారు. ఇకారి అంటే కోపం.

మనకిది కొత్త సంగతి కాదు. మన ఊళ్ళో డప్పు లేనిదే జాతర లేదు, శవం లేవదు. కానీ డప్పు కొట్టినవాడు అరుగు ఎక్కకూడదు.

పేరులేని అందం

ఇక్కడ యనాగి సోయెత్సు గురించి చెప్పుకోవాలి. 1925లో ఆయన, ఆయన స్నేహితులైన ఇద్దరు కుమ్మరి కళాకారులు కలిసి ‘మింగెయ్’ అన్న మాట పుట్టించారు. అంటే సామాన్యుల చేతిపని. పల్లెటూరి గిన్నె, గంప, నేత బట్ట, వీటిలోనే నిజమైన అందం ఉందని యనాగి వాదించారు. 1936లో టోక్యోలో వాటికోసం ఒక మ్యూజియమే కట్టించారు. జపాన్ టీ గురువులు కళ్ళకద్దుకునే ‘కిజాయెమోన్’ గిన్నె నిజానికి కొరియాలో పేరు తెలియని కుమ్మరి సామాన్యుల కోసం చేసిన అన్నం గిన్నె అని ఆయన చాటారు. పేదవాడి వస్తువును గద్దె మీద కూర్చోబెట్టిన యనాగికి మేము నమస్కరిస్తున్నాం.

అయినా ఒక విషయంలో ఆయనతో ఏకీభవించలేం. పనివాడికి పేరు లేకపోవడమే ఆ అందానికి మూలం అన్నట్టు ఆయన రాశారు. పేరు వద్దనుకోవడం వేరు, పేరు పెట్టుకునే హక్కు లేకపోవడం వేరు. పేరు అక్కర్లేదన్న మాట పేరున్నవాళ్ళకు తేలిక. పేరు అక్కర్లేకపోతే ఆ కొతారో రాయి వెనక ఉలి పట్టుకొని తన పేరెందుకు చెక్కాడు?

బొమ్మల మెట్లు - నీటి మట్టం

మార్చి 3న జపాన్‌లో ఆడపిల్లల కోసం బొమ్మల పండుగ చేస్తారు. అచ్చం మన బొమ్మల కొలువులాగే ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద బొమ్మలు పెడతారు. పై మెట్టు మీద చక్రవర్తి, మహారాణి. కింద పరిచారికలు, వాద్యగాళ్ళు, మంత్రులు, అట్టడుగున సేవకులు. చూడ ముచ్చటగా ఉంటుంది. 1922లో సరిగ్గా అదే మార్చి 3న క్యోటోలో బురాకు ప్రజలు వేల సంఖ్యలో సమావేశమై ‘సుయిహెయ్‌షా’ అనే సంఘం స్థాపించుకున్నారు. సుయిహెయ్ అంటే నీటి మట్టంలా సమంగా ఉండడం. మాకెవరి జాలీ అక్కర్లేదు, మా విముక్తిని మేమే సాధించుకుంటామన్నది వాళ్ళ ప్రకటన సారాంశం. మనుషులు మెట్ల మీద బొమ్మలు కారని ఆ సంఘం పేరే చెబుతోంది.

వాళ్ళ పోరాటం సులువుగా సాగలేదు. 1871లోనే ప్రభుత్వం ఎతా అన్న పేరును రద్దు చేసింది. పేరుతోపాటు తోలు వ్యాపారంలో వాళ్ళకున్న ప్రత్యేక హక్కూ పోయింది. బతుకుతెరువు పోయింది, అవమానం మాత్రం మిగిలింది. 1873లో మిమసాకా ప్రాంతంలో ఈ సమానత్వాన్ని సహించలేక వాళ్ళ ఇళ్ళు తగలబెట్టి, కొందరిని చంపారు. 1969లో చట్టం చేసి వాళ్ళ పేటల్లో ఇళ్ళు, రోడ్లు, చదువుల కోసం ప్రభుత్వం ఖర్చు పెట్టింది. ఆ పథకాలు 2002లో ముగిశాయి. ఈ మధ్యలోనే, 1975లో, బురాకు పేటల జాబితాను కంపెనీలకు రహస్యంగా అమ్ముతున్న సంగతి బయటపడింది. ఉద్యోగం ఇచ్చేముందు ఊరి పేరు చూసుకోవడానికన్నమాట! 2016లో వివక్ష నిర్మూలనకు మళ్ళీ ఒక చట్టం చేయవలసి వచ్చిందంటే జబ్బు ఇంకా ఉన్నట్టే.

వాళ్ళకూ మనకూ స్నేహం కూడా ఉంది. బురాకు ఉద్యమం చొరవతో 1988లో ఏర్పడిన ‘ఇమాదర్’ అనే అంతర్జాతీయ సంస్థ దళితుల సమస్యను ఐక్యరాజ్యసమితి వేదికల మీద వినిపించింది. 2002లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ, కులంతో సహా పుట్టుకను బట్టి చూపే వివక్ష అంతా తన పరిధిలోకి వస్తుందని స్పష్టం చేసింది.

మా మాట

అందమైనదాన్ని చూస్తూ కులం గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. పువ్వును చూసి వేరును తలుచుకుంటే పువ్వుకు వచ్చే నష్టమేమీ లేదు. జపాన్ నుంచి మనం నేర్చుకోదగిన మంచి కూడా ఉంది. చేతిపనిలో ఆరితేరిన మనిషిని 1955 నుంచి అక్కడి ప్రభుత్వం జాతి సంపదగా గుర్తిస్తోంది. విద్య తర్వాతి తరానికి అందించడానికి ఏటా డబ్బు ఇస్తోంది. కుమ్మరి, నేతగాడు, కాగితం చేసేవాడు ఈ గౌరవం పొందారు. మన దగ్గరా చేతిపనికి ఇంతటి విలువ రావాలి.

కానీ చేతిపనిని గౌరవించడమంటే కొడుకు తండ్రి పనే చేయాలని చెప్పడం కాదు. మనలో చాలామంది నాన్నలు చెప్పులు కుట్టారు, డప్పు కొట్టారు, మగ్గం నేశారు, మట్టి మోశారు. ఆ పని వదిలి డాక్టరో, టీచరో, ఇంజనీరో కావడం మన హక్కు. ఇష్టపడి ఆ పనే చేసి అందులో పేరు తెచ్చుకోవడం కూడా మన హక్కే. దరఖాస్తు ఫారంలో తండ్రి వృత్తి అన్న గడి దగ్గర కలం ఆగాల్సిన అవసరం మాత్రం లేదు.

మతషిరో తన పుట్టుకకు బాధపడ్డాడు. కొతారో రాయి వెనక దాక్కొని పేరు చెక్కుకున్నాడు. నానివా యువకులు డోలు భుజాన వేసుకొని వేదిక ఎక్కారు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మనం ఈ మూడో దారినే నడుద్దాం. మన పేర్లు రాయికి ముందు వైపునే, పదిమందికీ కనపడేలా చెక్కుదాం.