కనపడనోడు ఎవడు? అనుమానం ఎవడి మీద?

హిందూపురంలో రైలెక్కి ఓ క్రైం నవల తెరవండి. పెనుకొండ వచ్చేలోగా ఒక మనిషి మాయమవుతాడు. ధర్మవరంలో దిగేలోగా అనుమానమంతా ఒక రచయిత మీదికి పోతుంది. పుస్తకం మూసి, టీ తాగి, ఎవరి దారిన వాళ్లం పోతాం.

ఇది ఉత్త కట్టుకథ కాదు. పోలండులో 2000లో ఒక వ్యాపారి కనపడకుండా పోయినాడు. చేతులు కట్టేసిన శవం నదిలో దొరికింది. అతని సెల్‌ఫోన్ని క్రిస్టియన్ బాలా అనే రచయిత ఇంటర్నెట్‌లో అమ్మేసినట్టు పోలీసులు ఆరా తీశారు. 2003లో అతను రాసిన 'అమోక్' నవలనూ వదలకుండా చదివారు. 2007లో కోర్టు 25 ఏళ్ల జైలు వేసింది. ఒక్క మనిషి కోసం ఏళ్ల తరబడి అంత వెదుకులాట! వెదకాల్సిందే. మన ప్రశ్న అది కాదు.

మన దగ్గర జరిగిందేమిటి? 1974లో సికింద్రాబాదు కుట్రకేసు పెట్టి విరసం రచయితల్ని జైల్లో వేశారు. వాళ్ల రాతల్నే నేరానికి సాక్ష్యంగా చూపారు. 1989లో కేసు వీగిపోయింది. ఆ తీర్పు వినడానికి చెరబండరాజు లేడు. 1982లోనే చనిపోయినాడు.

అదే మన మనుషులు మాయమైతే? 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. శవాలు తేలేదాకా వాళ్లంతా 'కనపడనోళ్లే'. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. అక్కడ ఒక ఫోను చాలింది. ఇక్కడ కళ్లారా చూసినోళ్ల మాట చాలలేదు!

అంటే రాసినోడిని అనుమానించడం ఈ వ్యవస్థకు సులువు. కనపడనోడిని వెదకడమే బరువు. బెంగుళూరు కూలికి పోయిన మనోడు తిరిగి రాకుంటే "యాడికో పోయింటాడు, వస్తాడులే పో" అంటారు. ఆ మాట విని ఇంటికి రావద్దు.

కాగితం రాయండి. నేరం జరిగినట్టు ఫిర్యాదులో ఉంటే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాల్సిందేనని 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం 173వ సెక్షన్ ప్రకారం "మా స్టేషన్ పరిధి కాదు" అనే సాకూ చెల్లదు. హిందూపురం మనిషి ధర్మవరంలో మాయమైనా హిందూపురంలోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అట్రాసిటీ కేసును కావాలని పక్కనపెట్టే అధికారికి శిక్ష వేయాలని 1989 చట్టం నాలుగో సెక్షన్లోనే ఉంది.

నవల్లో మాయమైనోడు ఆఖరి పేజీలో దొరుకుతాడు. మనోడి కథకు మొదటి పేజీ ఆ ఫిర్యాదే. అది మనమే రాయాలి. రాసినందుకు మన మీద అనుమానమొస్తే రానీ!