పుస్తకాలను సాగనంపి డిజిటల్ అంటరా?

అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా దవాఖానకు దగ్గర్లో, మూసీ ఒడ్డున ఒక పెద్ద కట్టడం ఉన్నది. బస్సులో పోయేటోళ్లు రోజూ చూస్తరు, లోపల అడుగు పెట్టేది కొందరే. ఇప్పటి పేరు స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. పాత పేరు కుతుబ్‌ఖానా ఆసఫియా. 1891లో మొదలైన ఈ గ్రంథాలయానికి ఇప్పుడున్న భవనం పునాది 1932లో పడ్డది. 1936లో పుస్తకాలు అందులోకి వచ్చినయి. తెలుగు, ఉర్దూ, ఫార్సీ, అరబ్బీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు... మన గడ్డ మీద మాట్లాడిన, రాసిన భాషలన్నీ ఒక్క కప్పు కింద ఉన్నయి.

ఇసొంటి పాత గ్రంథాలయం కనబడంగనే కొందరు పెద్దమనుషుల నోటికి ఒక్కటే మాట వస్తున్నది. "కాలం మారింది. పుస్తకాలు ఎవరు చదువుతున్నరు? అన్నీ ఫోన్లనే ఉన్నయి. అల్మారాలు తీసేసి అద్దాల గదులు కడదాం, పెద్ద తెరలు పెడదాం, ఒక కాఫీ షాపు తెరుద్దాం."

మేం డిజిటల్‌కు వ్యతిరేకం కాదు. ఆ మాట ముందే చెప్తున్నం, రేపు మమ్ములను పాత చింతకాయ పచ్చడి అనొద్దు. అచ్చంపేట పోరడు తన ఊర్లెనే కూసోని ఆసఫియా పుస్తకం చదవగలిగితే అంతకన్న ఏం కావాలె? మా పేచీ వేరే. డిజిటల్ పేరు మీద ముందుగాల ఏ పని చేస్తరు? పైసలు మొదలు దేనికి పెడతరు? అక్కడనే అసలు సంగతి బయటపడుతది.

అమెరికా ముచ్చట వినుండ్రి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 1911లో తెరిచిన పెద్ద భవనం. దాని పెద్ద చదువుల హాలు కింద ఏడు అంతస్తుల ఇనుప అరలు. పైన కూసున్నోళ్లకు కింది నుంచే పుస్తకం వచ్చేది. ఆ అరలను పీకేసి, పుస్తకాలను న్యూజెర్సీ గోదాముకు పంపి, ఆ జాగాలో కొత్త లైబ్రరీ కట్టాలని ప్లాను వేసిండ్రు. నార్మన్ ఫోస్టర్ అసొంటి పేరున్న ఆర్కిటెక్టు, 30 కోట్ల డాలర్ల అంచనా. రచయితలు, పరిశోధకులు, చదువరులు లేచిండ్రు. కోర్టుకు పోయిండ్రు. 2014 మే నెలలో ప్లాను రద్దయింది. సరిగ్గా మన రాష్ట్రం రాబోయే ముందటి నెల. కాని ఒక నీతి యాది పెట్టుకోండ్రి. ప్లాను రద్దయింది గని, అప్పటికే ఖాళీ చేసిన అరలు ఆ తర్వాత ఏండ్లకేండ్లు ఖాళీగనే ఉన్నయి. పుస్తకాన్ని బయటికి పంపుడు అల్కగ అయితది. తిరిగి తెచ్చుడు కాదు.

మన దగ్గర జరిగింది ఇంకా చేదు. 2000ల్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరు మీద హైదరాబాద్ గ్రంథాలయాల్లోని తెలుగు, ఉర్దూ పుస్తకాలను పెద్ద ఎత్తున స్కాన్ చేసిండ్రు. మంచి పనే. కాని పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పుల తడికెగ ఎక్కించిండ్రు. తెలుగులో వెతికితే దొరకదు. ఇంగ్లీషులో ఏ తప్పుతోని రాసిండ్రో ఊహించి వెతకాలె. పేజీలన్నీ ఫొటోలే గన్క లోపలి మాట వెతుక్కునే దారి లేదు. ఆ తర్వాత 2017 ప్రాంతంలో ఆ సైటే మూతపడ్డది. అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ దగ్గరికి ప్రతులు చేరబట్టి అవి బతికినయి. కంప్యూటర్లకు ఎక్కింది గదా అని అసలు పుస్తకాన్ని తూకానికి అమ్ముకుంటే మన గతి ఏమయ్యేది? స్కాను పుస్తకానికి తోడు మాత్రమే. బదులు కాదు.

ఈ జాబితా సంగతి చిన్నది అనుకోకుండ్రి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి ఏం చేసిండు? తిట్టి ఊకోలేదు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేసి ముందర పెట్టిండు. నోరు మూయించింది ఏంది? జాబితా! పేరు, ఊరు, పద్యం. లెక్కలో లేనోడు లోకంలో లేనట్టే అని ఆయనకు తెలుసు. ఇయ్యాల కూడా అంతే. కేటలాగులో లేని పుస్తకం అల్మారాలో ఉన్నా లేనట్టే. ఆసఫియాలో ఉన్న ప్రతి తెలుగు పుస్తకం తెలుగు లిపిలో, ప్రతి ఉర్దూ పుస్తకం ఉర్దూ లిపిలో వెతికితే దొరికేటట్టు చేయుడు, అదీ డిజిటల్ యుగపు మొదటి పని. దానికి అద్దాల గోడ అక్కెర లేదు. ఆ భాషలు చదవొచ్చిన మనిషి కావాలె.

ఆ మనిషే లేడు. ఈమధ్య ఒక జిల్లా కేంద్రంలో గ్రంథాలయానికి పోయిన. పేరు రాయను, అక్కడి ఉద్యోగి కొలువుకు ఎసరు రావొద్దు. 'డిజిటల్ విభాగం' అని బోర్డు ఉన్నది. గదికి తాళం. తీపిస్తే నాలుగు కంప్యూటర్లు, వాటి మీద పాత దుప్పటి. "నేర్పెటోళ్లు లేరు సార్. తలుపులు తీసుడు, రిజిస్టరు రాసుడు, ఊడ్చుడు అన్నీ నేనొక్కన్నే" అన్నడు. బయట వరండాలో పిల్లలు ఇంటికాడి నుంచి తెచ్చుకున్న కుర్చీల్లో గ్రూప్స్‌కు చదువుతున్నరు. ఫోను చార్జింగుకు ఒక్కటే ప్లగ్గు. దానికి లైను. తాళం లోపల డిజిటల్, తాళం బయట తెలంగాణ!

"ఆ పిల్లల కోసమే పుస్తకాలు తీసి కుర్చీలు వేద్దామంటున్నం" అని ఒక వాదన వస్తున్నది. ఇది పైకి తియ్యటి మాట. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దుగాల పోయి చూడుండ్రి, సీటు కోసం ఎట్ల తండ్లాడుతున్నరో. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడిన జాతి పిల్లలు వాళ్లు. వాళ్లకు కుర్చీ కావాలె, వెలుతురు కావాలె, ప్లగ్గు కావాలె, ఆడపిల్లలకు శుభ్రమైన మూత్రశాల కావాలె. కాని ఆ కుర్చీ కోసం తాతల పుస్తకం రోడ్డు మీద పడాలా? మనుమనికీ తాతకూ కొట్లాట పెట్టి మధ్యల గుత్తేదారు బాగుపడుడు మనం చూడనిదా? హాలు చాలకపోతే ఇంకో హాలు కట్టుండ్రి.

పైసలు ఎక్కడివి అంటరా? ఇల్లు ఉన్న ప్రతి మనిషి ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నడు. వసూలు చేసిన మున్సిపాలిటీలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు సక్కగ జమ చేయకపోవుడు పాత రోగం. మన పైసలు మనకియ్యమని ఒకప్పుడు హైదరాబాద్ మిగులు నిధుల గురించి అడిగినం. ఇప్పుడు ఈ 8 పైసల లెక్క అడుగుదాం.

మా డిమాండ్లు సీదా ఉన్నయి. ఒకటి: కట్టడం ముందు, కంప్యూటర్ తర్వాత. కప్పు కారకుండ, గోడ తడవకుండ చేయాలె. సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూస్తే తడి లోపలనే చిక్కి గోడ రాలుతది. సున్నానికి సున్నమే మందు. రెండు: అన్ని భాషల పుస్తకాలకు సొంత లిపిలో కేటలాగు. మూడు: స్కాన్ చేసిన ప్రతి పేజీ ఒక్క కాడ కాదు, మూడు కాడ్ల దాచాలె. స్కాన్ అయిన అసలు పుస్తకం ఒక్కటి కూడా బయటికి పోవద్దు. నాలుగు: మెట్లెక్కలేనోళ్లకు లిఫ్టు, చూపు లేనోళ్లకు చదివి వినిపించే యంత్రం. అయిదు: ఖాళీగ ఉన్న లైబ్రేరియన్ కొలువులు నింపాలె. ఆరు: ఏ మార్పు చేసినా ప్లాను ముందుగాల చదువరుల ముందర పెట్టాలె.

విద్యార్థులారా, ఉద్యోగులారా! 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినోళ్లకు, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయం పెట్టినోళ్లకు సర్కారు అండ లేదు. వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంట ఊర్లు తిరిగిండు. గ్రంథాలయంలోనే ఈ నేలకు సోయి వచ్చింది. రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటింది. ఇప్పుడు సర్కారు మనది, భవనం మనది, పుస్తకం మనది. పోగొట్టుకుంటే తప్పు కూడా మనదే అయితది.

ఈ ఆదివారం పిల్లలను తోలుకొని అఫ్జల్‌గంజ్ పోదాం. మెంబరుగ చేరుదాం. ఒక పుస్తకం అడుగుదాం. దొరక్కపోతే ఎందుకు దొరకలేదో రాసిచ్చి అడుగుదాం. చదివేటోళ్లు లేరన్న సాకు మన కాళ్లతోనే తొక్కేద్దాం.

జై తెలంగాణ!