ఎర్ర మబ్బులు

పోయిన సంచికలో పండగ వంటల గురించి రాస్తే బోలెడు ఫోన్లు వచ్చాయి. ఈసారి నా ఉద్యోగం గురించి రాస్తున్నాను కాబట్టి అన్ని ఫోన్లు రావనుకోండి! అయినా ఇల్లు కట్టుకున్నవాళ్ళూ, కట్టుకోబోయేవాళ్ళూ, ముఖ్యంగా ఊళ్ళో అమ్మానాన్నలకి ఇక్కణ్ణుంచి ఇల్లు కట్టిస్తున్నవాళ్ళూ మనలో తక్కువేం లేరు. అందుకే రాస్తున్నా.

2000 జనాభా లెక్కల్లో మన ఫ్రిస్కోలో ఉన్నది 33,714 మంది. 2020 నాటికి 2,00,509. ఇంతమందికి ఇళ్ళూ, బళ్ళూ, రోడ్లూ, ఆసుపత్రులూ ఎవరో ఒకరు కాయితం మీద గీయాలి, ఇంకొకరు ఆ గీతల్లో తప్పులు పట్టాలి. ఆ రెండో రకం మనుషుల్లో నేనొకణ్ణి. పాతికేళ్ళుగా నా పని నక్షాలు తనిఖీ చేయడమే. దీన్నే డిజైన్ రివ్యూ అంటారు.

పిల్లలూ, ఈసారి మీ కారు 380 వైపు వెళ్తూ ఏదైనా కొత్త కట్టడం పక్కన ఆగితే ఓసారి చూడండి. హెల్మెట్ పెట్టుకున్న వాళ్ళ చంకలో కాయితం చుట్ట కనబడటం తక్కువ, చేతిలో టాబ్లెట్ కనబడటం ఎక్కువ. నేను ఈ ఉద్యోగంలో చేరినప్పుడు సరిగ్గా దీనికి తిరగబడి ఉండేది.

అంతకు ముందు సంగతి కూడా కాస్త చెప్పాలి. ఇండియాలో మేం ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ట్రేసింగ్ కాయితం మీద ఇంకుతో గీసిన నక్షాని ప్రింట్ల షాపుకి తీసుకెళ్తే, అమోనియా ఆవిరి పట్టించి నీలం గీతల కాపీలు తీసిచ్చేవారు. ఆ కాపీ చేతికొచ్చాక గంటసేపు ముక్కు మండేది. పెద్ద ఇంజనీరుగారు ఆ కాపీ మీద ఎర్ర పెన్నుతో తప్పున్న చోట చుట్టూ మబ్బులాగా వంకర వంకరగా ఒక గీత గీసి, పక్కన రెండు ముక్కలు రాసేవారు. చిత్రమేమిటంటే, కంప్యూటర్లు వచ్చాక కూడా ఆ మబ్బు పోలేదు. ఇవాళ్టికీ ఆ గుర్తుని రివిజన్ క్లౌడ్ అనే అంటారు. ఏ సర్వర్ల క్లౌడ్ గురించి జనం మాట్లాడుకోక ముందే మా కాయితాల మీద బోలెడు మబ్బులుండేవన్న మాట!

1982లో ఆటోకాడ్ వచ్చింది. గీయడం కంప్యూటర్లోకి వెళ్ళింది గానీ, తప్పులు పట్టడం మాత్రం చాలా ఏళ్ళు కాయితం మీదే ఉండిపోయింది. కారణం సులువు. గీసే సాఫ్ట్‌వేర్ ఖరీదైనది. చూసే ప్రతివాడికీ అది కొనివ్వడం ఏ ఆఫీసుకూ కుదరదు. దానికి విరుగుడుగా ఆటోడెస్క్ వాళ్ళు 1990లలో డీడబ్ల్యూఎఫ్ అనే తేలికపాటి ఫైలు రకాన్ని తెచ్చారు. దాన్ని తెరిచి, ఎర్ర మబ్బులు గీసి, కొలతలు కొలిచి, స్టాంపు వేసి తిప్పి పంపడానికి డిజైన్ రివ్యూ అనే ప్రోగ్రాము తర్వాత వచ్చింది. 2007 నుంచి దాన్ని ఉచితంగా ఇచ్చారు. గీసినవాడు మన మబ్బుల్ని తన అసలు నక్షా మీద పరుచుకుని ఒక్కొక్కటే సరిచేసుకునేవాడు. నా మటుకు నాకు అది ముద్దొచ్చే ప్రోగ్రాము. అక్కర్లేని హంగులు లేవు, నెట్ లేకపోయినా పనిచేసేది.

మరి ఇబ్బంది ఎక్కడ? ఫైలు ఈమెయిల్లో బయల్దేరిన మరుక్షణం ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. స్ట్రక్చర్ చూసేవాడి దగ్గర ఒకటి, కరెంటు పని చూసేవాడి దగ్గర ఒకటి, సైటులో ప్రింటు తీసి గోడకి అంటించింది ఇంకొకటి. పేర్లు చూస్తే నవ్వొస్తుంది: ఫైనల్, ఫైనల్ రెండు, నిజంగా ఫైనల్, బాసు చూసిన ఫైనల్! నా ఉద్యోగంలో సగం తప్పులు పట్టడం కాదు, ఏది కొత్తదో పట్టుకోవడం. పైగా ఆ ప్రోగ్రాము విండోస్ కంప్యూటరు మీదే నడిచేది. కంప్యూటరేమో ఆఫీసులో, గోడేమో సైటులో.

2010లో ఐప్యాడ్ వచ్చింది. అదే ఏడాది ఆటోకాడ్ డబ్ల్యూఎస్ పేరుతో బ్రౌజర్లోనూ ఫోన్లోనూ నక్షా తెరిచే సదుపాయం వచ్చింది. నక్షాల కట్టలన్నీ టాబ్లెట్లోకి ఎక్కించే ప్లాన్‌గ్రిడ్ అనే చిన్న కంపెనీ 2011లో మొదలైంది. సైటులో సిగ్నల్ లేకపోయినా షీట్లు తెరుచుకోవడం, సిగ్నల్ దొరకగానే మనం గీసిన మబ్బులు అందరికీ చేరడం దాని గొప్ప. 2018లో దాన్ని 87.5 కోట్ల డాలర్లకి ఆటోడెస్క్ కొనేసింది. డిజైన్ రివ్యూకి మాత్రం 2018 వెర్షనే ఆఖరిది. తర్వాత కొత్తది రాలేదు. మమ్మల్నందర్నీ బ్రౌజర్ వైపు, ఫోన్ వైపు నడవమన్నారు. కొందరం నడిచాం, కొందరం గొణుక్కున్నాం. 2020లో కోవిడ్ వచ్చి ఆఫీసులు మూసేసరికి గొణుక్కునే తీరిక కూడా లేకుండా పోయింది. ఆటోకాడ్ 2022 వెర్షన్లో ట్రేస్ అని ఒకటి పెట్టారు. అసలు గీతల్ని ముట్టుకోకుండా పైన ఒక పారదర్శకమైన పొర వేసి, దాని మీద మన మాట రాసుకోవడం. చూడగానే పాత స్నేహితుడు ఎదురైనట్టనిపించింది. అది మా ట్రేసింగ్ కాయితమే కదా!

ఇక్కడిదాకా సాఫ్ట్‌వేర్ కంపెనీల కథ. నాకు ఈ మార్పు విలువ నిజంగా తెలిసింది ఆఫీసులో కాదు, హనుమకొండలో.

2022లో మా బాపూ అమ్మా ఉన్న పాత పెంకుటిల్లు తీసి కొత్తది కట్టాలనుకున్నాం. అనుమతి విషయంలో కష్టపడలేదు. తెలంగాణలో 2020 నవంబరులో మొదలైన టీఎస్-బీపాస్ కింద చిన్న స్థలాలకి, పది మీటర్ల ఎత్తులోపు ఇళ్ళకి, సొంత ధ్రువీకరణ మీద ఆన్‌లైన్లో వెంటనే అనుమతి ఇచ్చేవారు. మాదీ అలాగే వచ్చింది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది.

నక్షా గీసినాయన ఏ మార్పు చేసినా వాట్సాప్‌లో ఫోటో పెట్టేవాడు. అది బాపుకి, బాపు నుంచి మా తమ్ముడికి, తమ్ముడి నుంచి మేస్త్రీకి. నలుగురు దాటేసరికి అంకెలు అలుక్కుపోయి, తొమ్మిదో ఆరో తెలిసేది కాదు. వంటింటి గోడ తొమ్మిది అంగుళాలు జరిపిన సంగతి మేస్త్రీదాకా వెళ్ళలేదు. మూడడుగులు లేపిన గోడ కూలగొట్టాల్సొచ్చింది. ఇటుకలు పోతే పోయాయి, ఎవరిది తప్పన్న మాట మీద రెండ్రోజులు పని ఆగింది. మేస్త్రీ తన ఫోన్లో ఫోటో చూపిస్తాడు, నక్షా ఆయన తన ఫోన్లో ఫోటో చూపిస్తాడు. ఇద్దరివీ నిజమే!

అప్పుడు నేను ఆఫీసులో చేసే పనే ఇంటికీ చేశాను. షీట్లన్నీ ఒక క్లౌడ్ ఫోల్డర్లో పెట్టి, ఒక్కో షీటుకి ఒకే పేరు, మార్పు వస్తే పాతదాని మీదే కొత్తది ఎక్కేట్టు, పాతవి వెనకాల వెర్షన్లుగా ఉండేట్టు చేశాను. ఆ లింకుకి ఒక క్యూఆర్ గుర్తు ప్రింటు తీయించి, సైటులో కరెంటు మీటరు పక్కన రేకుకి అంటించమన్నాను. ఎవరొచ్చినా ఫోను అక్కడ చూపించాల్సిందే, తెరుచుకునేది ఇవాళ్టి షీటే. వాట్సాప్‌లో ఫోటో పంపడం బందు! మేస్త్రీ మొదట ముఖం ముడిచాడు గానీ, వారం తిరక్కుండానే వేళ్ళతో షీటు పెద్దది చేసి కమ్మీల లెక్క చూసుకోవడం మొదలెట్టాడు.

బాపు రిటైరైన లెక్కల మాస్టారు. ముప్పై నాలుగేళ్ళు ఎర్ర పెన్నుతో పేపర్లు దిద్దిన చెయ్యి. ఇంతకు ముందు ఆఫీసు ప్రోగ్రాము ఆయన లాప్‌టాప్‌లో వేయాలని నేను రెండుసార్లు చూశాను. అది తెరుచుకునేలోపు ఆయనకి విసుగొచ్చేది. ఫోన్లో అయితే వేలితో గీయొచ్చని చూపించాను, అంతే.

ఎండాకాలంలో మనకి రాత్రి ఎనిమిదిన్నరయితే అక్కడ మర్నాడు పొద్దున ఏడు. నేను అన్నం తిని కూర్చునేసరికి బాపు నడక ముగించి సైటుకి చేరేవాడు. ఒకరోజు షీటు మీద ఎర్ర మబ్బొకటి మొలిచింది, నేను చూస్తుండగానే. బాత్రూం తలుపు చుట్టూ. వెంటనే ఫోను.

"గీ దర్వాజల నుంచి మీ అమ్మ వాకర్ ఎట్ల పోతది బిడ్డా?"

నక్షాలో ఆ తలుపు రెండున్నర అడుగులు. మామూలుగా బాత్రూములకి పెట్టేదే, ఎవరూ తప్పనరు. కానీ చట్రం మందం రెండు వైపులా పోతే మిగిలేది ఇరవై ఐదు, ఇరవై ఆరు అంగుళాలు. అమ్మకి తుంటి ఆపరేషన్ అయ్యాక ఇచ్చిన వాకర్ వెడల్పు ఇంచుమించు అంతే. బాపు వాకర్‌ని ఇంటి నుంచి మోసుకొచ్చి, ముగ్గు పోసిన గీతల మధ్య నిలబెట్టి చూశాడు! నక్షా ఆయన సాయంత్రానికి తలుపుని మూడడుగులు చేశాడు, షీటు మారింది, మేస్త్రీ ఫోన్లోనూ మారింది. గోడ ఇంకా లేవలేదు కాబట్టి పైసా ఖర్చు లేదు.

నేను ఈ వృత్తిలో ఎన్నో వేల షీట్లు చూశాను. ఆ తలుపు నా కళ్ళ ముందు నుంచి కూడా వెళ్ళింది, నియమాల ప్రకారం సరిగానే ఉంది. అది సరిపోదని తెలిసేది అక్కడ నిలబడ్డ మనిషికే, ఆ ఇంట్లో ఉండబోయే మనిషికే. పాత పద్ధతిలో ఆ మనిషి చేతికి నక్షా అందేది కాదు, అందినా ఆయన మాట మనదాకా వచ్చేలోపు గోడ లేచేది. నా దృష్టిలో డెస్క్‌టాప్‌కీ ఈ కొత్త పద్ధతికీ అసలు తేడా ఇదే. మెరుపులూ త్రీడీ బొమ్మలూ కాదు.

పిల్లలకి ఇదంతా వింతగా ఉంటుంది. మా అబ్బాయి రోబోటిక్స్ టీములో ఆన్‌షేప్ వాడతారు. సాలిడ్‌వర్క్స్ స్థాపించిన జాన్ హిర్ష్‌టిక్ బృందమే 2012లో ఆ కంపెనీ పెట్టి, మొత్తం బ్రౌజర్లోనే నడిచేట్టు చేసింది. విద్యార్థులకి ఉచితం, క్రోమ్‌బుక్ మీద కూడా నడుస్తుంది. ఒకడు గేరు గీస్తుంటే ఇంకొకడు అదే బొమ్మలో చక్రం బిగిస్తుంటాడు, మూడోవాడు పక్కన వ్యాఖ్య రాస్తాడు. "ఫైలు ఎక్కడ సేవ్ చేశావురా?" అని అడిగితే వాడికి ప్రశ్నే అర్థం కాలేదు!

సరే, అంతా బాగుందని చెప్తే మీరు నమ్మరు, నేనూ నమ్మను. 2016లో ఆటోడెస్క్ శాశ్వత లైసెన్సులు అమ్మడం మానేసింది. అప్పటినుంచి చందా కడుతున్నంత కాలమే సాఫ్ట్‌వేర్ మనది. క్లౌడ్‌లో ఉన్న నక్షా కూడా ఎవరి ఖాతాలో ఉందో వాళ్ళ చేతిలోనే ఉంటుంది. ఇల్లు పూర్తయ్యాక నక్షా ఆయన చందా ఆపేస్తే? ఆరేళ్ళ తర్వాత బాత్రూం గోడలో పైపు ఎక్కడుందో ఎవర్నడగాలి? కాయితం చుట్టకి చెదలు పడతాయి గానీ, దానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు.

అందుకని ఇల్లు కట్టిస్తున్నవాళ్ళకి రెండు మాటలు. ఫోల్డరు మీ ఖాతాలో మీరే తెరిచి, మిగతావాళ్ళకి అనుమతి ఇవ్వండి. వాళ్ళ ఖాతాలోకి మీరు అతిథిగా వెళ్ళొద్దు. స్లాబు పడ్డ రోజున, గోడల్లో పైపులూ వైర్లూ మూసేముందు, ఆ రోజు షీట్లని మబ్బులతో సహా పీడీఎఫ్‌గా దింపి వేరే చోట దాచండి. అప్పుడే గోడల ఫోటోలు కూడా, పక్కన టేపు పెట్టి. ఇక్కడ ఫ్రిస్కోలో బిల్డరు దగ్గర కొత్తిల్లు కొంటున్నా సరే, ఆ ఫోటోలు మీరే తీసుకోండి. షీట్రాక్ కొట్టాక గోడ లోపల ఏముందో మీకు కనబడదు. మీ దగ్గర పాత డీడబ్ల్యూఎఫ్ ఫైళ్ళ సీడీలుంటే, వాటిని తెరిచే కంప్యూటరు ఉండగానే పీడీఎఫ్‌లోకి మార్చేసుకోండి. మా గరాజులో అలాంటివి నలభై ఉన్నాయి, ఈ శీతాకాలం సెలవుల్లో వాటి పని పడతాను.

హనుమకొండ ఇంటి షీట్లు మాత్రం బాపు పూర్తి సైజులో ప్రింటు తీయించి, రిజిస్ట్రేషన్ కాయితాలతో పాటు బీరువాలో పెట్టాడు. ఫోన్లో ఉన్నాయి కదా అంటే, ఫోను మారుస్తరు గదా అన్నాడు.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. ఈసారి మాత్రం వంటల కబుర్లే!