ఖాళీ బెర్తు ఎవరికి?

విమాన సంస్థల ఉద్యోగులకు చౌక టికెట్లు ఉంటాయి. చాలావరకు అవి స్టాండ్‌బై. డబ్బు కట్టిన ప్రయాణికులంతా ఎక్కాక సీటు మిగిలితేనే వాళ్లకు ఛాన్స్. అదీ ముందే చెప్పిన వరుసలోనే. అందుకే దానిపై ఎవరికీ పెద్దగా కడుపుమంట ఉండదు.

మరి మన రైలు సంగతి? మీకు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ ఉందనుకోండి. దివిసీమకు రైలు లేదు. అవనిగడ్డ నుంచి బస్సులో మచిలీపట్నం వచ్చి బీదర్ ఎక్స్‌ప్రెస్ అందుకోవాలి. గుడివాడ వాళ్లకూ అదే బండి. వెయిటింగ్ లిస్ట్ 4 దగ్గరే ఆగిపోయింది. చార్ట్ రాగానే ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దయింది. డబ్బు వెనక్కొస్తుంది, ఇంటర్వ్యూ రాదు. అదే బండిలో ఎమర్జెన్సీ కోటా బెర్తులు మాత్రం మీ నంబరును దాటి వేరేవాళ్లకు వెళ్తాయి.

కోటా ఉండటం తప్పేమీ కాదు. ప్రజాప్రతినిధుల తర్వాత మిగిలిన బెర్తులకు అనారోగ్యం, ఇంట్లో మరణంతోపాటు ఉద్యోగ ఇంటర్వ్యూనూ కారణంగా చూస్తామని రైల్వేయే చెబుతోంది. ఈ విషయం మీలో ఎంతమందికి తెలుసు? సిఫార్సు లేఖ దొరికినవాళ్లకే అందితే అది పలుకుబడి కోటా అయిపోతుంది. ఏ కారణానికి ఎన్ని బెర్తులు ఇచ్చారో, పేర్లు లేకుండా, చార్టుతోపాటే ప్రకటించాలి.

ఈలోగా మీరు ఊరుకోకండి. కాల్ లెటర్ జతచేసి ప్రయాణానికి ముందురోజే అర్జీ పెట్టండి. రేపు ఉద్యోగమొచ్చి పాస్ మీ చేతికొస్తే, ఈ వెయిటింగ్ లిస్ట్ 4ను మర్చిపోకండి.