మోదుగ పేరు చెప్పేదెవరు?

వసంతం రాగానే మన కవితల్లో కోయిల కూస్తుంది. కూసే మగకోయిల నల్లనిదనీ, ఆడకోయిల ఒళ్ళంతా చుక్కలుంటాయనీ చూసి చెప్పగలవారు మనలో ఎందరు?

శామీర్‌పేట చెరువుకూ, జవహర్ జింకల పార్కుకూ నగరం నుంచి కుటుంబాలు వస్తూనే ఉంటాయి. తిని, ఫొటోలు దిగి వెళ్ళిపోతాయి. వారిని తప్పుపట్టను. చూపేవారుంటే పెద్దలూ పిల్లలై చూస్తారు.

1980లో ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘంగా మొదలైన నేటి దక్కన్ బర్డర్స్ అలా చూపుతూనే ఉంది. వారి పత్రిక పేరు 'పిట్ట'. పేరు తెలుగు, లోపలి రాత ఇంగ్లీషు. నా బెంగ అక్కడే. చెట్టును, పిట్టను ఇంగ్లీషులోనే పరిచయం చేసుకున్న పిల్లవాడికి మన పేర్లు ఇక అందవు.

జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలల పొరుగున ఉన్న లాల్‌గడి మలక్‌పేట్‌లో ఫాల్గుణ మాసపు ఆదివారాల్లో, ఎండ ముదరక ముందే, తెలుగులో ఒక నడక జరగాలని నా కోరిక. మోదుగాకులతో విస్తళ్ళు కుట్టిన, మోదుగపూలు ఉడికించి హోలీ రంగు తీసిన పల్లె పెద్దలే దానికి గురువులు కావాలి. రుసుము పెడితే అది వారికే చెందాలి. విహారానికి వెచ్చించేవాళ్ళం, విద్యకు దక్షిణ ఇవ్వలేమా?